గుమ్మం దగ్గర ఆగిన పాటల గొలుసు

మా అమ్మాయి పెళ్ళి దగ్గరికొచ్చేసరికి మా తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటాడు. కానీ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ పాట వచ్చి పడుతుంది. అక్క అక్కర్లేదుట, ఆట కావాలిట. ఒళ్ళు మండుతుందా లేదా మీరే చెప్పండి.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. లేకపోతే నా మంట మీకు అర్థం కాదు.

ఒకళ్ళు ఒక సినిమా పాట పెడతారు. దాని మొదటి వరసలో ఉన్న ఏదో ఒక మాట పట్టుకుని, అదే మాట మొదటి వరసలో ఉన్న ఇంకో పాట రెండోవాళ్ళు పెట్టాలి. ఆ రెండో పాటలో ఇంకేదో మాట పట్టుకుని మూడోవాళ్ళు. వెన్నెల పాట నుంచి వెన్నెలా గోదారీ ఉన్న పాటకి, దాన్నుంచి గోదారీ పడవా ఉన్న పాటకి, అలా పోతూనే ఉంటుంది. ఇప్పుడే పట్టుకున్న మాటని వెంటనే మళ్ళీ పట్టుకోకూడదు. నీ, నా, ఓ, హే లాంటివి చెల్లవు. లాలలా చెల్లుతుందా చెల్లదా అని ఒక వేసవంతా కొట్టుకున్నాం, చివరికి చెల్లదని తేలింది. ఏ పాట పెట్టామో మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీరు అది పాడుకుంటూ కూర్చుంటారు, నా గోడు ఎవరూ వినరు. కలిసిన మాట చెబుతాను, చాలు.

ఇది కనిపెట్టింది మా తమ్ముడే. చిన్నప్పుడు మా కోనసీమ ఊరి నుంచి రావులపాలెం హైస్కూలుకి బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆ బస్సు డ్రైవరు దగ్గర ఉన్నవి అవే క్యాసెట్లు, రోజూ అవే పాటలు. విని విని విసుగెత్తి వాడు ఈ ఆట మొదలెట్టాడు. పెద్దయ్యాక వాడు అదే రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారంలో స్థిరపడ్డాడు, నేను పెళ్ళై రాజమండ్రి వచ్చాను. ఆట మాత్రం వదల్లేదు. ఫోన్లొచ్చాక గ్రూపు పెట్టాడు. పిన్నమ్మ పిల్లలు, పెదనాన్న మనవలు అందర్నీ అందులో వేశాడు. తెల్లారగట్ల మార్కెట్లో గెలలు దింపించుకుంటూ మొదటి పాట పెట్టేది వాడే.

తీర్పరి మా పిన్ని. అమ్మ చెల్లెలు. పెనుగొండలో గుడి వీధిలో ఉంటుంది. ఆవిడకి టైపు చెయ్యడం రాదు, నోటితో చెప్పి పంపిస్తుంది. ఒక పాటకి ఆవిడ మర్నాడు పొద్దున కాఫీ తాగేలోపు ఎవరో ఒకరు జవాబు పెట్టాలి. పెట్టకపోతే గొలుసు తెగినట్టే. ఎప్పుడు మొదలెట్టామో గానీ ఈ గొలుసు ఒక్కసారీ తెగలేదు. మా అమ్మ పోయిన రోజున కూడా పిన్నే ఏడుస్తూ ఒక పాట పెట్టింది.

ఇక మా ఆయన. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెట్రోలు, టైము, మాటలు, మూడూ పొదుపే. పెళ్ళి పందిరికి అరటి చెట్లు, గెలలు, ఆకులు చెప్పిరావాలని రావులపాలెం బయల్దేరుతూ శుభలేఖ ఒకటి సంచిలో వేసుకున్నారు. నేను చూడలేదు. చూస్తే ఈ కథే లేదు.

మా వైపు పిలుపంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళాలి. ఆ ఇంటి ఇల్లాలికి గుమ్మంలో బొట్టు పెట్టాలి. శుభలేఖ చేతికిచ్చి, ముందుగానే రావాలి, అంతా మీరే దగ్గరుండి చూసుకోవాలి అని నోరారా చెప్పాలి. పక్కింటివాళ్ళయినా అంతే. ఆ శుభలేఖ అచ్చేసినవాడే అయినా అంతే. అలాంటిది, పిల్ల మేనమామకి మా ఆయన మార్కెట్ యార్డులో, గెలల గుట్టల మధ్య, లారీ హారన్ల మధ్య శుభలేఖ చేతిలో పెట్టి, టీ తాగి వచ్చేశారు. ఎలాగూ వెళ్ళాం కదా అని.

ఇంటికొచ్చి ఒక పని అయిపోయిందని ఫ్యాను కింద కూర్చున్నారు. బొట్టు పెట్టకుండా పిలుపేంటండీ అన్నాను. ఎవరికి పెట్టమంటావు, హమాలీలకా అన్నారు.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు. ఒకే ఒక్క మాట అన్నాడు.

"అక్కా, మీ మరదలు బాధపడుతోంది. పిలుపు మాకా, అరటిగెలలకా అని అడుగుతోంది."

పెట్టేశాడు. అదే ఆఖరు. ఆ తర్వాత ఫోన్ మోగీ మోగీ ఆగిపోవడమే.

నాకు మరదలి మీద పట్టరాని కోపం వచ్చింది. నెమ్మదస్తురాలు అనుకుంటే ఎంత మాట అంది! సరే, కోపం సంగతి తర్వాత, ముందు వెళ్ళి బొట్టు పెట్టొచ్చేద్దాం రండి అంటే మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఒకసారి పిలిచాక మళ్ళీ పిలిస్తే మొదటి పిలుపు పిలుపే కాదని ఒప్పుకున్నట్టు కాదూ అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అన్ని ఏళ్ళు తప్పులకి మార్కులు కోసిన మనిషి, తన లెక్క తప్పంటే వింటారా. పోనీ నేనొక్కదాన్నే వెళ్దామా అంటే నాకూ మొండితనమే. మరదలు మా పిలుపుని గెలలతో ముడిపెట్టి మాట్లాడితే నేనెళ్ళి దాని గుమ్మం ఎక్కాలా అని నేనూ బిగుసుకున్నాను.

కానీ పెళ్ళికూతుర్ని గంపలో మోసుకురావాల్సింది మేనమామ. ఇది నా కోపంతో పోయేది కాదు. చివరి నిమిషంలో వచ్చి అక్షింతలు వేసిపోయే చుట్టం కాదు వాడు. మండపం దాకా గంప పట్టుకుని నడవాలి. ఇంకెవరైనా చెయ్యి వేస్తే వేస్తారు గానీ ముందు పట్టు మేనమామది. నాకున్నది ఒక్కడే తమ్ముడు. మా ఆయన పరిష్కారం చెప్పారు, తన బాబాయి కొడుకు బలిష్టంగా ఉంటాడు, వాణ్ణి పట్టమందాం అని. గంప మొయ్యడానికి భుజం ఉంటే చాలదండీ, వరస ఉండాలి అన్నాను. ఈ సంగతి కూడా లెక్కల మాస్టారికి నేనే చెప్పాలి.

పిల్ల కాకినాడలో ల్యాబులో పని చేస్తుంది. సెలవు పెట్టి ఇంటికొచ్చింది. మావయ్య రాకపోతే గంప వద్దమ్మా, నడిచొస్తాను అంది. ఏడవలేదు. లేచి వెళ్ళి, పనమ్మాయి అప్పుడే తోమి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. చిన్నప్పుడు వేసవి సెలవలంతా రావులపాలెంలోనే ఉండేది. వాడు దీన్ని మెడ మీద కూర్చోబెట్టుకుని మార్కెట్టంతా తిప్పేవాడు.

ఆ మర్నాడే గ్రూపులో వాడి పాట వచ్చింది. ఎప్పటిలాగే. ఏం జరగనట్టే.

అప్పుడు నాకు తట్టింది. మాట్లాడడు సరే, పాటకి పాట పెడుతున్నాడు కదా. నేను పెట్టిన పాట విని తీరాలి కదా, వినకపోతే జవాబెలా పెడతాడు? అయితే ఈ దారినే వెళ్దాం. మాట మాటగా వాడిని మా ఇంటి దాకా లాక్కొద్దాం అనుకున్నాను.

చెప్పడం తేలిక. వాడు మొదట పెట్టిన పాటలో రాయి ఉంది. నన్నే అన్నాడు అనుకుని ఉడుక్కుని, రాయీ మనసూ ఉన్న పాట పెట్టాను. వాడు మనసూ తాళం ఉన్న పాట పెట్టాడు. నేను తాళం పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్దామని వెతుకుతుంటే, విశాఖలో ఉన్న మా పెదనాన్న మనవడు మధ్యలో దూరి, తాళం దొరికిందే చాలని ఒక డాన్సు పాట పడేశాడు. ఇంకేముంది, దాని వెనకాల ఇంకో డాన్సు పాట, దాని వెనకాల ఇంకోటి. బండి కాలవలోకి దిగబడితే ఎడ్లని అదిలించి గట్టెక్కించినట్టు దాన్ని మళ్ళీ మంచి మాటల్లోకి తేవడానికి నా ప్రాణం మీదికొచ్చింది.

తర్వాత అక్క అన్న మాట పెడదామనుకున్నాను. వాడికి గుండె కరగాలి కదా. వెతికాను చూడండి, ఓరి నాయనో. మన సినిమా వాళ్ళకి వెన్నెల కావలసినంత దొరుకుతుంది. చిలకలు, మల్లెలు, మబ్బులు, కోయిలలు కుప్పలు తెప్పలు. అక్క మాత్రం దొరకదు. చెల్లెలికోసం ఏడ్చే అన్నయ్యలున్నారు గానీ, తమ్ముడికోసం ఏడ్చే అక్కకి ఒక్క మంచి పాట రాసిన పాపాన పోలేదు. దొరికిన ఒకటీ అరా కూడా ఎవరో పిల్ల అక్కని దాటుకుని బావని చూసి నవ్వే పాటలే. వాటిని పిన్ని వింటుందని భయపడి వదిలేశాను.

అక్క కుదరకపోతే మరదలుతో సర్దుకుందాం, బాధపడింది అదే కదా అనుకున్నాను. మరదలి మీద కోపం నాకు అప్పటికి కాస్త తగ్గింది కూడా. మరదలు ఉన్న పాటలకి లోటు లేదు. తొందరలో మొదటి వరసే చూసి, మిగతాది వినకుండా, ఒకటి పెట్టేశాను. పెట్టాక విన్నాను. హవ్వ! రెండో చరణంలో ఆ హీరో మరదల్ని అడిగినవి పెళ్ళికి ముందు అడగాల్సినవి కావు, పెళ్ళయ్యాక కూడా తలుపేసుకుని అడగాల్సినవి. తీసేద్దామనేలోపే పిన్ని గొంతు వచ్చి పడింది. ఏమే, పెళ్ళి పనుల్లో మతి పోయిందా, ఇదేం పాటే, నేను గుళ్ళో ఉండగా విన్నానే అని. దానికి తమ్ముడి నుంచి జవాబుగా సిగ్గు అన్న మాట ఉన్న పాట వచ్చింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అలక పూనాక మా తమ్ముడి ఆట బాగుపడింది. ఇదివరకు వాడు పెద్ద తొండి. పెట్టిన పాటే మళ్ళీ పెట్టేవాడు, లేని మాట ఉందని వాదించేవాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిన్నినే తప్పుపట్టేవాడు. ఇప్పుడు ఒక్క తప్పు లేదు. తెల్లారగట్ల రావడం కూడా మానేసి, అందరి టిఫిన్లూ అయ్యాక నింపాదిగా వస్తున్నాడు. నేను రాయి వేస్తే వాడు పువ్వు వేస్తున్నాడు. నేను దూరం అంటే వాడు వంతెన అంటున్నాడు. పిన్ని కూడా మెచ్చుకుంది, వాడికి ఈ వయసులో జ్ఞానం వచ్చినట్టుందే అని. జ్ఞానం వచ్చినవాడు ఫోనెత్తి మాట్లాడొచ్చుగా అని నేను లోపల లోపల తిట్టుకున్నాను.

పెళ్ళి దగ్గరపడింది. ఇక డొంకతిరుగుడు పనికిరాదని, ఎలాగోలా తిప్పి తిప్పి పిలుపు అన్న మాట ఉన్న పాట పెట్టాను. పెట్టి ఫోను ముందే కూర్చున్నాను. జవాబు వచ్చింది. పిలుపూ ఉంది, గుమ్మమూ ఉంది. పిలుపు ఆ జవాబు పట్టుకున్న మాటే కాబట్టి అది మళ్ళీ చెల్లదు. ఇంక ఆ వరసలో పట్టుకోవడానికి మిగిలింది గుమ్మం ఒక్కటే.

గుమ్మం ఉన్న ఇంకో పాట ఎవరికైనా తెలుసా? తెలిస్తే మీరు మా కంటే గొప్పవాళ్ళు. గ్రూపంతా తలకిందులైంది. విశాఖ కుర్రాడు చేతులెత్తేశాడు. పిన్ని కూతుళ్ళు యూట్యూబ్ గాలించారు. ఏనాడూ ఈ ఆట మొహం చూడని మా ఆయన కూడా పేపరు పక్కన పెట్టి, గుమ్మడికాయ పనికిరాదా అని అడిగారు. పనికిరాదండీ అన్నాను. సాయంత్రానికి పిన్ని తేల్చి చెప్పేసింది, రేపు నా కాఫీ టైము దాకా చూస్తాను, తర్వాత నా చేతుల్లో లేదు అని.

ఆ మాటతో నాకు నిజంగా భయం వేసింది. ఆట తెగితే తెగింది, దానికేం. కానీ ఆ ఆట తప్ప నాకూ వాడికీ మధ్య ఇంకేం మిగల్లేదు. రేపు పాట లేదు, ఎల్లుండి పాట లేదు, ఆ పైన పెళ్ళి. అమ్మ లేదు, నాన్న లేరు, పుట్టింటివాళ్ళంటూ నాకు ఉన్నది వాడొక్కడే. అది తల్చుకునేసరికి నా మొండితనం నాకే రోత పుట్టింది.

పొద్దున్నే తలంటుకుని పట్టుచీర కట్టాను. పిల్ల వాళ్ళ నాన్నని అడుగుతోంది, పెళ్ళి హాల్లో గేటు దగ్గర్నుంచి మండపం దాకా తివాచీ వేస్తారా నాన్నా, నడవాలి కదా, చీర పాడవుతుందేమో అని. మామూలుగానే అడిగింది. ఆయన పేపరు పట్టుకునే ఉన్నారు గానీ పేజీ తిప్పలేదు. నేను కుంకుమభరిణ తెచ్చి ఆ పేపరు మీద పెట్టి, నేను రావులపాలెం వెళ్తున్నాను అన్నాను. ఆయన భరిణ నా చేతికిచ్చి పేపరు మడిచారు. లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బస్సు జొన్నాడ వంతెన మీదికి వచ్చాక ఆయన, మొన్నే ఇద్దరం వచ్చుంటే ఒక టికెట్టు మిగిలేది అని గొణిగారు. నేను విననట్టు కిటికీలోంచి గోదారిని చూశాను.

తమ్ముడి ఇంటి గుమ్మం ముందు నిలబడి కుంకుమభరిణ మూత తీశాను. తలుపు తీసింది మరదలు. ఒక చేతిలో అట్లకాడ, రెండో చేతిలో మా తమ్ముడి పెద్ద ఫోను. నన్ను చూడగానే మొహమంతా నవ్వు.

"గుమ్మం పాట దొరికిందా వదినా?" అంది.

ఆ ఫోను వైపు చూశాను, దాని మొహం వైపు చూశాను. పాటలు పెడుతున్నది వాడు కాదు. ఇది.

బొట్టు పెట్టాను. ఆ తొందరలో కుంకుమ కాస్త దాని ముక్కు మీద కూడా పడింది. లోపల కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. శుభలేఖ అందిన రోజునే తమ్ముడు పెద్ద ఫోను ఇంట్లో పడేసి, పాత బటన్ల ఫోను పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళడం మొదలెట్టాడట. ఇది మోగితే ఎత్తొద్దు అని దీనికి ఆర్డరు వేశాడట.

"మోగితే ఎత్తొద్దన్నారు గానీ పాట పెట్టొద్దనలేదుగా వదినా. గొలుసు తెగితే మీరు ఇంకెలా మాట్లాడుకుంటారు?" అంది.

మరి పిలుపు అరటిగెలలకా అన్నావుట కదే అని అడిగాను. అది తెల్లబోయింది. నేనా అంది. తను ఆ మాట అననే లేదట. మార్కెట్లో పిలిస్తే ఏం, మన పిల్ల పెళ్ళికి మనకి పిలుపేంటి అని తనే నచ్చజెప్పిందట. అన్నది మా తమ్ముడు, పేరు పెళ్ళానిది. ఆడపడుచుతో గొడవ పెట్టుకోవడానికి వాడికి సిగ్గేసి పెళ్ళాం కొంగు అడ్డం పెట్టుకున్నాడు.

నేను తమ్ముణ్ణి తిట్టడానికి నోరు తెరిచేలోపే మరదలు నెమ్మదిగా అంది, మళ్ళీ పిలవడం మీకే నామోషీ అన్నారట కదా వదినా, అన్నయ్యగారు మార్కెట్లో నంబరు కనుక్కుని ఈయన చిన్న ఫోనుకి చేసి చెప్పారట, నేను వద్దామంటున్నాను గానీ మా ఆవిడ ఒప్పుకోవడం లేదు అని.

నేను వెనక్కి తిరిగాను. మా ఆయన గోడ మీద క్యాలెండరు దగ్గర నిలబడి తిథులు చూసుకుంటున్నారు. ఏదో దుర్ముహూర్తం మహా శ్రద్ధగా చదువుతున్నారు. ఏవండీ అన్నాను. ఆయన వచ్చే నెల పేజీ తిప్పారు.

మగాళ్ళ అలకలన్నీ ఆడవాళ్ళ పేరుమీదే నడుస్తాయని మా అమ్మ అంటుండేది. వినడమే గానీ, ఒకేసారి రెండిళ్ళలో నడవడం ఇదే చూడటం. నేనూ మరదలూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని పకపకా నవ్వాం. ఆ మరదలు పాట విని తను సిగ్గుతో చచ్చిపోయిందట. అది నీకోసమే పెట్టానే, కానీ ఆ చరణం నా తప్పు కాదు అన్నాను. పాటలు ఇన్ని ఎలా తెలుసే అంటే, పెళ్ళైన దగ్గర్నుంచీ తమ్ముడు హాల్లో కూర్చుని పైకి ఆలోచిస్తుంటే వంటింట్లోంచి అందిస్తున్నది తనేనట. వాడి గెలుపుల్లో సగం పొయ్యి దగ్గర్నుంచి వెళ్ళినవే. తొండి మాత్రం పూర్తిగా వాడి సొంతం.

నవ్వుతూ నవ్వుతూనే అడిగాను, మరి నువ్వే ఆడొచ్చుగా, ఆ మొద్దుకి అందించడమెందుకు అని.

"నన్ను గ్రూపులో వెయ్యలేదుగా వదినా" అంది.

కోపంగా అనలేదు. ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అని, పెనం మీద అట్టు తిరగేసింది. పిన్నమ్మ పిల్లలున్నారు, వాళ్ళ పిల్లలున్నారు, విశాఖలో డాన్సు పాటలు పెట్టే కుంక ఉన్నాడు. ఇంటి కోడలు లేదు. ఒక్క శుభలేఖకి బొట్టు పెట్టలేదని ఇంత రామాయణం చేశాం, ఇన్నేళ్ళుగా ఈ పిల్లని పిలవలేదన్న సంగతి మా ఇంత మందిలో ఒక్కళ్ళకీ తట్టలేదు.

ఇంతలో వీధిలో మోపెడ్ ఆగింది. తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో మా చెప్పులు చూసి ఆగాడు. లోపలికొచ్చి పెళ్ళాం నుదుట బొట్టు చూశాడు. ముక్కు మీద కుంకుమ చూశాడు. బావగారి వైపు చూశాడు. బావగారు వాడి వైపు చూశారు. ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్న చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఒకే పరీక్షలో ఒకే తప్పు రాసి దొరికిపోయిన పిల్లల మొహాలు. నీకు బొట్టు లేదురా, నీ పిలుపు మార్కెట్లో అయిపోయింది అన్నాను. వాడు గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ అలిగాడేమో అని లేవబోతే మరదలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాడు తిరిగొచ్చాడు, చేతుల్లో పెద్ద గంపతో. కొత్త వెదురు, అంచులకి పసుపు, చుట్టూ ఎర్ర ముగ్గులు. శుభలేఖ అందిన మర్నాడే అల్లించాడట. రోజూ సాయంత్రం పెరట్లో అందులో చక్కెరకేళి గెలలు వేసుకుని, నూతి దగ్గర్నుంచి కొట్టం దాకా, కొట్టం దగ్గర్నుంచి నూతి దాకా మోసుకుంటూ తిరుగుతున్నాడట. చుట్టుపక్కల వాళ్ళు పిచ్చెక్కిందనుకుంటున్నారట. ఇదంతా చెప్పింది మరదలే. వాడు మాత్రం గంప నేల మీద పెట్టి, నా వైపు చూడకుండా, పిల్ల ఈ మధ్య ఏమైనా లావెక్కిందా అక్కా అని అడిగాడు.

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, బాగా ఏడ్చాను. మా ఆయన ఎంత పొదుపు మనిషైనా ఆ రోజు జేబు రుమాలు ఇచ్చారు.

కళ్ళు తుడుచుకుని మరదల్ని దాని సొంత ఫోను తెమ్మన్నాను. తమ్ముడి ఫోను లాక్కుని, అక్కడే ఆ గుమ్మంలో కూర్చుని, దాని నంబరు గ్రూపులో వేశాను. తీరా చూస్తే పిన్ని కాఫీ టైము ఎప్పుడో దాటిపోయింది. భయపడుతూ ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఆవిడ విని విని, గుమ్మానికి గుమ్మం ఎక్కడమే జవాబు, చెల్లింది పో, గొలుసు తెగలేదు, తర్వాతి పాట ఆ పిల్లది అంది. ఇలాంటి తీర్పు ఆవిడ అంతకుముందూ ఇవ్వలేదు, తర్వాతా ఇవ్వలేదు.

పెళ్ళిలో తమ్ముడు గంప ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మా ఆయన బాబాయి కొడుకు, ఆ బలిష్టంగా ఉండేవాడు, ఒక చెయ్యి వెయ్యబోతే మోచేత్తో నెట్టేశాడు. చెమటలు కక్కుతూ మండపం దాకా వెళ్ళి, గంప దించి, నడుం పట్టుకుని, గెలలే నయం అన్నాడు. పిల్ల తెర వెనకాల నవ్వు ఆపుకోలేక పురోహితుడి చేత చివాట్లు తింది.

ఆ రోజు గుమ్మంలో కూర్చున్నప్పటి సంగతి ఒకటి మిగిలిపోయింది. గ్రూపులో వేశాక మరదలు తన ఫోను కొంగుతో తుడుచుకుంది. నేను పాట పెట్టవే అని తొందరపెట్టాను. అది పాట కంటే ముందు ఒక మాట టైపు చేసింది. అంతమంది చూస్తున్న ఆ గ్రూపులో దాని పేరు మీద వచ్చిన మొట్టమొదటి మాట అది.

"పిలిచారు, వచ్చాను."

దాని కింద పాట పెట్టింది. ఆ పాటకి జవాబు పాట వెతకలేక మేమందరం చచ్చాం.